నూలు నడుమ.. పట్టు అంచు.. గద్వాల చీరను దాచుకొనేదెలా?

గద్వాల: పెళ్లినాడు పెట్టిన చీర మనుమరాలి పెళ్లికీ కట్టుకోదగినదిగా నిలవాలన్నది ఇంటి ఇల్లాలి కోరిక. అయితే ఎన్నో ఇళ్లలో చేనేత చీరలు పదేళ్లు తిరగకముందే మడతల వద్ద చిట్లిపోతున్నాయి. జరీ నల్లబడుతోంది. అంచు రంగు కారి నడిమి భాగంపై మరకలుగా మిగులుతోంది. తప్పు నేసిన చేతిదేనని కొన్నవారు నిర్ణయించుకుంటున్నారు. మరోమారు చేనేత వైపు చూడడం మానేస్తున్నారు. వాస్తవానికి ఈ నష్టాల్లో అధిక భాగం మగ్గం మీద పుట్టినవి కావు. తొట్టిలో, ఇస్త్రీ బల్ల మీద, బీరువాలో పుట్టినవి. నూలు, పట్టు, జరీ మూడూ ఒకే బట్టలో కలిసిన గద్వాల చీర విషయంలో ఈ మాట మరింత నిజం. ఈ చీర నేత తీరు, కొనుగోలు సమయంలో పరిశీలించవలసిన అంశాలు, ఉతుకు మొదలు భద్రపరచడం వరకు పాటించవలసిన జాగ్రత్తలపై కథనం.

రెండు నదుల నడిమి నేత

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న భూభాగాన్ని స్థానికులు నడిగడ్డ అని పిలుస్తారు. ఒకప్పుడు గద్వాల సంస్థానానికి, తరువాత మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల జిల్లాగా ఏర్పడింది. గద్వాల పట్టణంతో పాటు రాజోలి, అయిజ, గట్టు తదితర ప్రాంతాల్లో మగ్గం ఆధారంగా జీవించే కుటుంబాలున్నాయి. సంస్థానాన్ని చివరగా పాలించిన మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ నేత పనివారిని ఆదరించారని, ఆమె ప్రోత్సాహంతోనే ఇక్కడి నేతకు నేటి రూపం వచ్చిందని పెద్దలు చెబుతారు.

తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు ముందు ఏటా గద్వాల నుంచి జోడు పంచెలు సమర్పించే ఆనవాయితీ సంస్థానాధీశుల కాలం నుంచి కొనసాగుతోంది. ఏరువాడ జోడు పంచెలుగా ప్రసిద్ధి పొందిన ఈ వస్త్రాలను నేత కార్మికులు దీక్ష పూని, నియమ నిష్ఠలతో నేస్తారు. దేవుని కొంగుకైనా, పెళ్లికూతురు కొంగుకైనా నేసేది ఈ గడ్డ చేతులే. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఈ ప్రాంతంలో, ఈ పద్ధతిలో నేసిన చీరలకు తప్ప ఆ పేరు వాడరాదన్నది దాని సారాంశం.

మూడు నాడెల పని

సాధారణ చీరలో పడుగు, పేక అన్నవి రెండే. పొడవునా సాగేది పడుగు, అడ్డంగా నడిచేది పేక. ఒక అంచు నుంచి మరో అంచు వరకు ఒకే పేక దారం పోతుంది. అందువల్ల నడిమి భాగం రంగు అంచులోనూ కలుస్తుంది. ఎర్ర అంచుపై పచ్చని పేక నడిస్తే ఆ అంచు అచ్చమైన ఎరుపుగా కనిపించదు.

సంప్రదాయ గద్వాల చీరలో ఆ పద్ధతి లేదు. నడిమి భాగం నూలు, అంచులు, కొంగు పట్టు. ఎడమ అంచుకు ఒక నాడె, నడిమి భాగానికి ఒక నాడె, కుడి అంచుకు మరొక నాడె నడుస్తాయి. నడిమి నూలు పేక అంచు వరకు వచ్చి, అంచు పట్టు పేకతో మెలిపడి వెనక్కు మళ్లుతుంది. ఈ కూడికనే కుట్టు అంటారు. సూదీ దారంతో కుట్టినది కాదు. దారానికి దారం మెలివేసి మగ్గం మీదనే కలిపినది. ఈ కూడిక వద్దనే గోపురాల వరుసలా కోణాలు తీరుతాయి. వాటిని కోటకొమ్మ అని పిలుస్తారు. మూడు నాడెలు నడపడానికి ఒక మనిషి చాలదు. మగ్గంలో కూర్చున్న నేతగానికి పక్కన మరొకరు సాయం చేయాలి. ఆ రెండో చేయి సాధారణంగా ఇంటి ఆడపడుచుదో, పిల్లవానిదో అయి ఉంటుంది. కొంగు కోసం పట్టు పడుగును నూలు పడుగుకు పోగు పోగున అతికే పని వేరే ఉంటుంది.

పట్టు దారం ఎక్కువగా కర్ణాటక నుంచి, జరీ సూరత్ నుంచి వస్తాయి. రంగు అద్దకం, ఆసు పోయడం, కండెలు చుట్టడం, పడుగుకు గంజి పట్టించడం వంటి పనులన్నీ పూర్తయ్యాక మగ్గం కదులుతుంది. నమూనాను బట్టి ఒక చీరకు కొద్ది రోజులు మొదలు వారాల వరకు పడుతుంది. ఇప్పుడు నూలు, పట్టు కలిపి నేసే సీకో చీరలు, పూర్తి పట్టు గద్వాల చీరలు కూడా విరివిగా వస్తున్నాయి. కొనుగోలుదారులు తాము కొంటున్నది వీటిలో ఏదో ముందుగా అడిగి తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే ఉతికే పద్ధతి దానిపైనే ఆధారపడి ఉంటుంది.

ఒకే బట్టలో రెండు స్వభావాలు

నూలు చెట్టు నుంచి పుట్టినది. పట్టు పురుగు నుంచి పుట్టినది. ఒకటి మొక్క పీచు, మరొకటి మన జుట్టు వలె మాంసకృత్తులతో ఏర్పడిన పోగు. ఈ తేడా తెలిస్తే జాగ్రత్తలన్నీ సులభంగా అర్థమవుతాయి.

నూలు తడిసినప్పుడు బలపడుతుంది. అందుకే చాకిరేవులో బండకేసి బాదినా నూలు బట్ట తట్టుకొంటుంది. పట్టు తడిసినప్పుడు బలహీనపడుతుంది. తడి పట్టును పిండితే, రుద్దితే పోగులు చిట్లుతాయి. నూలుకు సోడా, సబ్బుల ఘాటు అంతగా హాని చేయదు. పట్టుకు ఆ ఘాటు శత్రువు. బట్టల సోడా, సాధారణ డిటర్జెంటు పొడులు పట్టు మెరుపును హరిస్తాయి. తెల్లదనం కోసం వాడే క్లోరిన్ బ్లీచింగ్ పట్టును పసుపుగా మార్చి, చివరకు కరిగిస్తుంది కూడా. వేడినీటిలో నూలు కుదించుకుపోతుంది, పట్టు అదే మోతాదులో కుదించుకోదు. ఫలితంగా కుట్టు కూడిక వద్ద ముడతలు పడి అంచు అలలుగా లేస్తుంది. ఈ ముడతలు ఎంత ఇస్త్రీ చేసినా పూర్తిగా పోవు.

కాబట్టి నియమం ఒక్కటే. నూలు, పట్టు కలిసిన చీరకు పట్టుకు పాటించే జాగ్రత్తలే వర్తిస్తాయి. ఎక్కువ భాగం నూలే కదా అని నూలు చీరల మూటలో వేయడం వల్లనే అధిక నష్టం జరుగుతోంది.

కొనేటప్పుడే చూడవలసినవి

చీర తిరగేసి అంచు కూడిక చూడాలి. కుట్టు నేత అయితే అంచు రంగు అచ్చంగా ఉంటుంది, నడిమి రంగు అందులో కలవదు. వెనుకవైపు రెండు పేకలు మెలిపడిన జాడ కూడిక పొడవునా కనిపిస్తుంది. మరమగ్గంపై నేసిన నకళ్లలో చాలావరకు ఒకే పేక అంచు నుంచి అంచుకు పోతుంది.

చేనేత బట్ట కొసల వెంట సన్నని సూది రంధ్రాలు వరుసగా కనిపించవచ్చు. మగ్గంపై బట్ట వెడల్పు తగ్గకుండా పట్టి ఉంచే సూదుల బద్ద జాడలవి. అవి లోపం కాదు. నేతలో అక్కడక్కడా కనిపించే స్వల్పమైన హెచ్చుతగ్గులు కూడా చేతి పనికి గుర్తే.

దారం నిజమైనదో కాదో తెలుసుకోవడానికి కొంగు చివర వేలాడే ఒకటి రెండు పోగులు చాలు. వాటిని కాల్చి చూడాలి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడి అయ్యే నల్లని మసిగా మిగులుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసగా మారుతుంది. ఈ పరీక్ష దుకాణదారు అనుమతితోనే చేయాలి.

కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో మొదలైన సిల్క్ మార్క్, 2006లో ప్రారంభమైన హ్యాండ్‌లూమ్ మార్క్ చీటీలు ఉన్నాయేమో చూడాలి. మొదటిది పట్టు స్వచ్ఛతకు, రెండోది చేతి మగ్గంపై నేశారనడానికి గుర్తు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్లు కాదు. మరమగ్గంపై నేసిన అసలు పట్టుకు కూడా సిల్క్ మార్క్ ఉండవచ్చు.

తొలి ఉతుకే పరీక్ష

కొత్త చీరను తొలిసారి ఇంట్లో తడపడం కన్నా నమ్మకమైన చోట డ్రైక్లీనింగ్ చేయించడం మేలు. తొలి రెండు మూడు సార్లు ఇలా చేయిస్తే రంగు కారే ప్రమాదం తగ్గుతుంది. జరీ ఎక్కువగా ఉన్న చీరలకు, పూర్తి పట్టు చీరలకు ఎప్పుడూ డ్రైక్లీనింగే శ్రేయస్కరం.

ఇంట్లో ఉతకదలచినవారు ముందుగా రంగు పరీక్ష చేయాలి. చీర లోపలి కుచ్చిళ్లలోకి పోయే చోట అంచుపై తడిపిన తెల్లని గుడ్డను నిమిషం సేపు అదిమి పట్టాలి. గుడ్డకు రంగు అంటితే ఆ చీరను నీటిలో వేయరాదు. ప్రతి రంగుకూ ఈ పరీక్ష విడివిడిగా చేయాలి. ముదురు ఎరుపు, మెరూన్, నీలం, నలుపు అంచుల విషయంలో మరింత అప్రమత్తంగా ఉండాలి.

ఉప్పు నీటిలో నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకం ఇళ్లలో బలంగా ఉంది. ఉప్పు కొన్ని రకాల రంగులు ఆ పూట కారడాన్ని కొంత తగ్గించగలదే గాని, సరిగా పట్టని రంగును శాశ్వతంగా నిలపలేదు. పైగా జరీ ఉన్న చీరను ఉప్పు నీటిలో ఉంచితే లోహపు తీగ మసకబారుతుంది. రంగు నిలవడమన్నది అద్దకం నాడే జరగవలసిన పని.

కుంకుడు రసంతో ఉతికే తీరు

తరతరాలుగా పట్టుకు వాడుతున్న కుంకుడు నేటికీ నమ్మదగినదే. అందులో సబ్బు ఘాటు ఉండదు. పద్ధతి ఇది.

పది పన్నెండు కుంకుడు కాయలు కొట్టి, గింజలు తీసి, గోరువెచ్చని నీటిలో నానబెట్టాలి. రసం పిసికి పలుచని గుడ్డతో వడగట్టాలి. పిప్పి ముక్కలు మిగిలితే పోగుల మధ్య చిక్కుకుంటాయి. ఆ రసం పూర్తిగా చల్లారిన తరువాత తొట్టి నిండా చన్నీటిలో కలపాలి. తెల్లని, లేత రంగు చీరలకు కుంకుడు స్వల్పంగా గోధుమ ఛాయ ఇవ్వవచ్చు. వాటికి పట్టు కోసం దొరికే ఘాటు లేని ద్రవ సబ్బు వాడవచ్చు.

చీరకున్న పిన్నులు తీసివేసి, మడత విప్పి నీటిలో ముంచాలి. నానబెట్టరాదు. అయిదు నిమిషాలకు మించకుండా చేతులతో మెల్లగా పైకీ కిందికీ ముంచి తీయాలి. బ్రష్ వాడరాదు. బండపై బాదరాదు. వాషింగ్ మెషిన్‌లో వేయరాదు. తరువాత రెండు మూడు మార్లు మంచినీటిలో జాడించాలి. ఒకటికి మించి చీరలు ఒకే తొట్టిలో వేయడం ప్రమాదకరం.

పిండకుండా ఎత్తి నీరు కారనివ్వాలి. మందపాటి తువ్వాలుపై పరచి, చుట్టగా చుట్టి అదిమితే మిగిలిన తడి తువ్వాలుకు ఎక్కుతుంది. ఆ వెంటనే గాలి తగిలే నీడలో ఆరవేయాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. తడి అంచు తడి నడిమి భాగంపై పడేలా మడిచి వేస్తే, ఉతికేటప్పుడు కారని రంగు ఆరేటప్పుడు అంటుకొంటుంది. అంచు, నడిమి భాగం ఒకదానికొకటి తగలకుండా రెండు తీగలపై వెడల్పుగా పరవాలి. తీగ తుప్పు పట్టినదైతే దానిపై ముందుగా పాత గుడ్డ వేయాలి. ఎండ పట్టుకు చేటు. రంగును వెలిసిపోయేలా చేయడమే గాక పోగును పెళుసుగా మారుస్తుంది.

మరక పడితే తొందర వద్దు

మరక పడిన వెంటనే నీళ్లు చల్లి రుద్దడం తొలి పొరపాటు. ద్రవ పదార్థమైతే పొడి తెల్ల గుడ్డతో అద్ది పీల్చుకోనివ్వాలి. అంచుల నుంచి మధ్యకు అద్దాలి. నూనె, నెయ్యి మరకపై సువాసన లేని టాల్కం పౌడర్ గాని, సుద్ద పొడి గాని చల్లి కొన్ని గంటలు వదిలితే చాలావరకు జిడ్డును పీల్చుకొంటుంది. ఆ పిదప మెత్తగా దులిపి డ్రైక్లీనింగ్‌కు ఇవ్వాలి. మరక దేనిదో అక్కడి పనివారికి తప్పక చెప్పాలి.

శుభకార్యాల్లో పసుపు, కుంకుమ మరకలు సహజం. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. అది చూసి రక్తమేమోనని భయపడి మరింత సబ్బు వేసేవారున్నారు. సబ్బును జాడించి వేస్తే ఎరుపు తిరిగి పసుపవుతుంది. కుంకుమ పొడిగా ఉన్నప్పుడే దులిపివేయాలి. నీరు తగిలితే అందులోని రంగు పోగులకు పడుతుంది. నిమ్మరసం వంటి పులుపు చిట్కాలు జరీకి, రంగుకు కూడా చెరుపు చేయగలవు. పట్టుపై నీటి చుక్కలు పడినా మచ్చలు ఏర్పడే అవకాశముంది.

గంజి, ఇస్త్రీ, రోలింగ్

నూలు చీరకు గంజి అందం. అయితే గద్వాల చీరలో గంజి నడిమి నూలు భాగానికే పరిమితం కావాలి. పట్టు అంచుకు, కొంగుకు గంజి పట్టిస్తే బిరుసెక్కి మడతల వద్ద విరుగుతుంది. అంచులు తప్పించి గంజి పెట్టడం ఇంట్లో కష్టం. అందువల్ల పాత చీరలను నిపుణులైన వారి చేత రోలింగ్ చేయించడం మంచిది. రోలింగ్ చేసేవారు చీరను రోలరుకు చుట్టి ముడతలు తీసి, బిగుతు తెస్తారు.

ఇస్త్రీకి కూడా రెండు పోగుల నియమమే. నూలుకు ఎక్కువ వేడి కావాలి, పట్టుకు తక్కువ వేడి చాలు. నడిమి భాగానికి పెట్టిన వేడితోనే అంచుపైకి పోరాదు. ముందుగా తక్కువ వేడిపై అంచు, కొంగు పూర్తి చేసి, ఆ తరువాత వేడి పెంచి నూలు భాగం చేయాలి. అంచు, కొంగులను తిరగేసి, పైన పలుచని నూలు గుడ్డ వేసి ఇస్త్రీ చేయాలి. పట్టుపై నీళ్లు చిలకరించరాదు.

ఫాల్ కుట్టించే ముందు ఆ గుడ్డను ఒకసారి నీటిలో తడిపి ఆరబెట్టడం మరువరాదు. తడపని నూలు ఫాల్ తొలి ఉతుకులోనే కుదించుకుపోయి కింది అంచును ముడతలుగా లాగివేస్తుంది. చీర చెడిందని వాపోయేవారిలో కొందరి చీర చెడదు. దాని ఫాల్ కుదించుకుపోతుంది. అది విప్పి కొత్తది వేయిస్తే చాలు.

జరీ నల్లబడకుండా..

అసలు జరీలో పట్టు దారంపై వెండి తీగ చుట్టి బంగారు పూత పూస్తారు. టెస్టెడ్ జరీలో వెండికి బదులు రాగి తీగ ఉంటుంది. ప్లాస్టిక్ పొరతో చేసిన జరీ మూడో రకం. గాలిలోని తేమ, గంధకం ఉన్న వాయువులు, చెమట, అత్తర్లు వెండినీ, రాగినీ నల్లబరుస్తాయి. ప్లాస్టిక్ జరీ నల్లబడకపోవచ్చు గాని వేడి ఇస్త్రీకి ముడుచుకుపోతుంది. అందువల్ల ఏ జరీయో అడిగి తెలుసుకోవాలి. ధరలోనూ ఈ తేడా ఎక్కువే.

అత్తరు పూసుకొని ఆరిన తరువాతనే చీర కట్టుకోవాలి. పిన్ను జరీ మీద గాక నూలు భాగంలో గుచ్చుకోవాలి. కట్టి విడిచిన చీరను వెంటనే మడవరాదు. నీడలో కొన్ని గంటలు గాలికి ఆరవేస్తే చెమట తేమ పోతుంది. చెమటలోని లవణాలు పట్టును క్రమంగా తినివేస్తాయి.

బీరువాలో ప్రమాదం

చీర ఎక్కువ కాలం గడిపేది ఒంటి మీద కాదు, బీరువాలో. అక్కడి తప్పు కనిపించేసరికి ఆలస్యమవుతుంది.

దుకాణంలో ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలోనే చీరను ఏళ్ల తరబడి ఉంచడం సరికాదు. లోపల చిక్కిన తేమ బూజుకు దారితీస్తుంది. బాగా ఉతికి ఆరబెట్టిన తెల్లని పాత పంచె గాని, మెత్తని నూలు గుడ్డ గాని చుట్టి పెట్టాలి. రంగు గుడ్డలు, అచ్చు కాగితాలు వాడరాదు. పత్రికల సిరా చీరకు అంటుతుంది. ఇనుప పెట్టెలో పెట్టేవారు అడుగున మందపాటి గుడ్డ పరచాలి. తుప్పు మరక పడితే తీయడం దుర్లభం.

గంజి పెట్టిన చీరను దాచరాదు. గంజి తినడానికి వెండి రంగు పురుగులు వస్తాయి. పట్టును తినేవి వేరే పురుగులు. మాంసకృత్తులే వాటి ఆహారం. చెమట, ఆహారపు మరకలున్న చోట అవి ముందుగా చేరుతాయి. అందువల్ల ఉతకని చీరను దాచడం పురుగుకు విందు పెట్టడమే. కలరా ఉండలు వాడితే వాటిని గుడ్డలో మూటగట్టి అరల మూలన ఉంచాలి. అవి జరీకి, పట్టుకు తగలరాదు. పసిపిల్లలున్న ఇళ్లలో వాటిని వాడకపోవడమే క్షేమం. ఎండిన వేపాకు, వస కొమ్ము, లవంగాలు గుడ్డలో కట్టి పెట్టడం పెద్దల పద్ధతి. ఇవి కూడా బట్టకు నేరుగా తగలకుండా చూసుకోవాలి. వాసన తగ్గగానే మార్చాలి.

మూడు నాలుగు నెలలకోసారి చీరలు బయటకు తీసి, నీడలో గాలి పోసి, పాత మడతకు భిన్నంగా మళ్లీ మడవాలి. ఒకే గీత వెంట ఏళ్లు గడిస్తే పట్టు, జరీ అక్కడ తెగుతాయి. వానకాలం వెళ్లిన తరువాత ఈ పని తప్పనిసరి. బరువైన చీరలు అడుగున, తేలికైనవి పైన ఉండాలి. పట్టు కొంగు, జరీ అంచు బరువుకు నూలు భాగం సాగిపోతుంది కాబట్టి సన్నని తీగ హ్యాంగర్లకు తగిలించరాదు.

ఒక్కో ఊరి చీరకు ఒక్కో మెలకువ

పోచంపల్లి చీరలో దారాన్ని ముందే ముడులు వేసి రంగు అద్ది, ఆ తరువాత నేస్తారు. కాబట్టి బొమ్మ అంచులు కాస్త చెదిరినట్లు కనిపించడం లోపం కాదు, ఆ నేత లక్షణం. వెంకటగిరి నూలు చీర పలుచనిది, సన్నని పోగులది. పిండితే పోగులు పక్కకు జరిగి సందులు పడతాయి. ఉప్పాడ జాందానీ చీర బుటాలకు ఉంగరాలు, గాజుల మొనలు తగిలితే పోగు లేస్తుంది. లేచిన పోగును కత్తిరించరాదు, సూదితో వెనుకకు లాగివేయాలి. మంగళగిరి నూలు చీర ఇంటి ఉతుకుకు అనువైనదే గాని జరీ అంచు ఉన్నందున బట్టల సోడా పనికిరాదు.

వరద చేసిన గాయం

2009 అక్టోబరు తొలి వారంలో తుంగభద్రకు వచ్చిన పెను వరదలో రాజోలి నీట మునిగింది. నేతగాడు నేలలో తవ్విన గుంటలో కాళ్లుంచి నేసే గుంట మగ్గాలకు వరద ఎంత చేటో చెప్పనవసరం లేదు. గుంటలు బురదతో నిండితే మగ్గం ఒక్కటే పోదు. దానిపై ఉన్న పడుగు, సగం నేసిన చీర, పెట్టుబడి అన్నీ పోతాయి.

ఇంట్లోకి నీరు చేరి చీరలు తడిస్తే చేయవలసింది ఒక్కటే. మూటగా వదలకుండా వెంటనే విప్పాలి. బురదను రుద్దకుండా చన్నీటి ధారలో పోనివ్వాలి. రంగు చీరలను విడదీయాలి. నీడలో గాలికి ఆరవేయాలి. తడిగా మడతల్లో ఉండిపోయిన చీరకు రంగు అంటడం, బూజు పట్టడం మొదలవుతుంది.

చినుగుకు మందు రఫ్ఫు

చిన్న చిల్లు పడగానే చీరను పక్కన పడవేయనక్కరలేదు. అదే చీర లోపలి కొస నుంచి తీసిన పోగుతో రఫ్ఫు చేయిస్తే చిల్లు కనిపించదు. అందుకే కొత్త చీర కొంగు కుచ్చుల నుంచి, రవికె గుడ్డ నుంచి మిగిలిన ముక్కలను దాచి ఉంచడం తెలివైన పని. గద్వాల చీరలో నూలు భాగం చిరిగినా పట్టు అంచు, కొంగు గట్టిగా ఉంటే వాటిని విడదీసి కొత్త నూలు చీరకు వేయించుకోవచ్చు. నడిమి భాగం జీర్ణించినా అంచు మరో చీరపై బతుకుతుంది.

చీర నిలిస్తేనే మగ్గం

నాలుగో అఖిల భారత చేనేత గణన (2019-20) ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనుల్లో ఉన్నవారు 35.22 లక్షల మంది. అంతకుముందు 2009-10 గణనలో వీరు 43.31 లక్షలు. పదేళ్లలో ఎనిమిది లక్షల మందికి పైగా తగ్గారు. 1985 నాటి చట్టం తొలుత 22 రకాల వస్త్రాలను చేతి మగ్గాలకే కేటాయించింది. తరువాత ఆ జాబితా 11 రకాలకు కుదించుకుపోయింది. చేనేత నమూనాలను మరమగ్గాలపై నకలు చేసి తక్కువ ధరకు అమ్మడం బహిరంగ రహస్యమే.

ఈ పోటీలో చేనేత చీరకు ఉన్న బలం ఒక్కటే, నిలకడ. ధర ఎక్కువైనా తరాలు నిలుస్తుందన్న నమ్మకంతోనే కొంటారు. ఆ చీర వేడినీటిలో ముడుచుకుపోయినా, సోడాలో వెలిసిపోయినా, ప్లాస్టిక్ సంచిలో బూజు పట్టినా ఆ నమ్మకం దెబ్బతింటుంది. ఆ నింద చివరకు చేరేది మగ్గం గుంటలో కూర్చున్న మనిషికే.

బాధ్యత ఒకవైపే లేదు. రంగు సరిగా పట్టించని అద్దకానికి, నకిలీ జరీని అసలుగా అంటగట్టే అమ్మకానికి కొనుగోలుదారు ఎంత జాగ్రత్త పడినా ఫలితముండదు. ఏ పోగు, ఏ జరీ, ఎలా ఉతకాలి అన్న మూడు మాటలు తెలుగులో రాసిన చీటీ ప్రతి చీరతో ఇచ్చే అలవాటును సహకార సంఘాలు, దుకాణదారులు చేసుకోవడం అవసరం. దానికయ్యే ఖర్చు స్వల్పం. కొన్నవారు ఆ చీటీ అడగడం మొదలుపెడితే అమ్మేవారికీ చెప్పక తప్పదు.

ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుగుతోంది. 2015లో మొదలైన ఈ ఉత్సవం రోజున చేనేత చీర కట్టుకోవడం మంచిదే. అంతకన్నా ముందు చేయదగిన పని ఒకటుంది. బీరువాలో అడుగున ఉన్న పాత చీరను బయటకు తీసి, ప్లాస్టిక్ సంచి తీసివేసి, గాలి పోసి, మడత మార్చి పెట్టాలి. ఆ చీర మరో పెళ్లి చూడగలదు.